ఫుట్‌బాల్ మైదానాలను, మ్యాచ్ రోజు సందడిని గీసిన చిత్రకారులు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. నాకు ముందుగా గుర్తొచ్చేది ఇంగ్లండ్ చిత్రకారుడు ఎల్.ఎస్. లౌరీ. 1953లో ఆయన వేసిన 'గోయింగ్ టు ది మ్యాచ్' బొమ్మలో అసలు ఆటే కనిపించదు. బోల్టన్ వాండరర్స్ అనే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ సొంత మైదానం బర్న్‌డెన్ పార్క్ వైపు జనం, ఎదురుగాలికి నడుస్తున్నట్టు ముందుకు వంగి, చీమల బారుల్లా వస్తుంటారు. వెనక మిల్లుల పొగగొట్టాలు. నేల దాదాపు తెల్లగా ఉంటుంది, అందుకే అంత గుంపులోనూ ఒక్కో మనిషీ విడిగా కనిపిస్తాడు. మ్యాచ్‌కు ముందుండే ఆ టెన్షన్‌ను ఇంత బాగా పట్టుకున్న బొమ్మ నేను ఇంకోటి చూడలేదు. లౌరీ స్వయంగా మాంచెస్టర్ సిటీ జట్టు అభిమాని. చాలా ఏళ్లు పగలు ఇళ్ల అద్దెలు వసూలు చేసే ఉద్యోగం చేస్తూ, రాత్రిళ్లు బొమ్మలు వేశారు.

ఆ మైదానాన్ని 1999లో కూల్చేశారు. బొమ్మను మాత్రం 2022లో సాల్ఫర్డ్‌లోని 'ది లౌరీ' కళాకేంద్రం వేలంలో 78 లక్షల పౌండ్లకు కొంది.