కల్చర్ రిపోర్టు కోసం ఆగవద్దు

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కేజీహెచ్‌లో మెడిసిన్ పీజీగా చేరావని తెలిసి చాలా సంతోషించాను. ఫంగస్ కేసులంటే భయంగా ఉందని రాశావు కనుక ఆ ఒక్క విషయమే రాస్తున్నాను. 2021లో బ్లాక్ ఫంగస్ పేరు ఇంటింటికీ తెలిసింది గాని, షుగర్ అదుపు తప్పినవారికి, కీమోథెరపీలో ఉన్నవారికి, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి ఆ జబ్బు అంతకుముందూ వచ్చేది, ఇప్పుడూ వస్తోంది.

అటువంటి రోగి ఒకవైపు బుగ్గ వాచిందనో, పైపన్ను నొప్పిగా ఉందనో చెబితే, టార్చి పట్టుకొని అంగిలిని, ముక్కు లోపలిని నీవే స్వయంగా చూడు. నల్లటి చెక్కు కనబడితే ఈఎన్‌టీ వారిని ఆ పూటే పిలిపించి, చిన్న కండముక్క తీయించి కేఓహెచ్ పరీక్షకు, అంటే మైక్రోస్కోపులో ఫంగస్‌ను చూసే పరీక్షకు, పంపు. రిబ్బను ముక్కల్లా వెడల్పుగా, అడ్డుగోడలు దాదాపు లేని ఫంగస్ పోగులు కనబడ్డాయంటే ఫంగస్ మందు ఆంఫోటెరిసిన్ మొదలుపెట్టడానికి అది చాలు. కల్చర్‌కు, అంటే ల్యాబ్‌లో ఫంగస్‌ను పెంచి చూసే పరీక్షకు, ఇచ్చే ముక్కను నూరవద్దని ల్యాబ్ వారికి చెప్పడం మరువకు. నూరితే ఆ పోగులు చనిపోయి ఏమీ మొలవదు.

చాలా ఏళ్ల క్రితం, నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో, కిడ్నీ మార్పిడి జరిగిన ఒక రోగి విషయంలో మందు మొదలుపెట్టకుండా కల్చర్ రిపోర్టు కోసం మూడు రోజులు ఆగాను. చేరిన రోజు చక్కగా తిరిగిన కన్ను మూడో రోజుకు కదలలేదు, రెప్ప వాలిపోయింది. రిపోర్టులో ఏమీ పెరగలేదని వచ్చింది. ప్రాణం దక్కింది గాని కన్ను తీసేయవలసి వచ్చింది. ఆ తప్పు నాది.

ఆంఫోటెరిసిన్‌లో లైపోసోమల్ రకాన్ని రోజుకు, ఒంటి బరువు కిలోకు 5 మి.గ్రా. చొప్పున మొదటి రోజు నుంచే పూర్తిగా ఇవ్వాలి. దానిని 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే (గ్లూకోజు ద్రవం) కలపాలి, సెలైన్‌లో (ఉప్పు ద్రవం) కలిపితే విరిగిపోతుంది; ఈ మాట కేస్ షీటులో పెద్ద అక్షరాలతో రాసి, డ్యూటీ నర్సుకు నోటితో కూడా చెప్పు. రక్తంలో కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్‌తో పాటు పొటాషియం, మెగ్నీషియం చూస్తూ ఉండాలి. వోరికొనజోల్ ఆస్పర్‌జిల్లస్ అనే మరో ఫంగస్‌కు మంచి మందే, బ్లాక్ ఫంగస్‌కు పనిచేయదు. షుగర్ దించకుండా, చచ్చిన కండను సర్జరీతో తీయించకుండా మందు ఒక్కటే ఏమీ చేయలేదు.

డిశ్చార్జి రోజున తొందరపడకు. పాడేరు నుంచో పార్వతీపురం నుంచో వచ్చినవారికి ఫంగస్‌కు ఇంటి దగ్గర వాడే పోసకొనజోల్ మాత్రలు అన్నం తిన్నాక వేసుకోవాలని, నొప్పి తగ్గినా మానకూడదని వెంట ఉన్న మనిషి చేత తిరిగి చెప్పించుకొని, ఆ తరువాతే పంపించు.

నీ మేలు కోరే,
మావయ్య