ఆలుగడ్డ లోపల నల్లమచ్చ ఎందుకొస్తది? హమాలీని తిట్టే ముందు చేను చూడండి

అడిగినాయన ప్రశ్న ఏందంటే, పైకి నున్నగ ఉన్న ఆలుగడ్డ కోస్తే లోపల నల్ల మచ్చలు ఉంటున్నయి, ఇది ఎరువుల వల్లనా లేక లారీల్ల బస్తాలు విసిరేసుడు వల్లనా అని. రెండూ ఉన్నయి. కానీ నన్నడిగితే ముప్పావు వంతు చేన్లనే తేలిపోతది. దెబ్బలు అందరి గడ్డలకూ తగుల్తయి, నల్లబడేటియి మాత్రం కొందరియే.

మాది జహీరాబాద్ దిక్కు. ఎర్ర నేలలు, ఆగ్రా నుంచి విత్తనం తెప్పించి అక్టోబర్, నవంబర్ల పెడ్తరు, జనవరి ఆఖరు నుంచి తీస్తరు. ఒక ఏడు గడ్డ ఊరే టైంకు మా బోరు సన్నగిల్లింది. పై మడులకు నీళ్లు పారినయి, కింది మడులు బీటలు వారినయి. కింది దిక్కు గడ్డ చిన్నగ ఉంటదని బాపు రెండు దిక్కులయి వేరే వేరే కుప్పలు పోయించిండు, గ్రేడింగ్ కోసమే, ఇంకే ఆలోచనతోటి కాదు. అదే విత్తనం, అవే మందులు, అదే ట్రాక్టర్, అదే హమాలీలు. రెండు రోజులాగి మార్కెట్‌కు పోతే అడ్తిదారు చాకు తీసి ఒక్కో కుప్పల నుంచి కొన్ని కోసిండు. కింది మడులయి తొక్క కిందనే నీలం కలిసిన నల్ల మచ్చలు, అదీ ఎక్కువ తీగకు అంటుకున్న కొన దిక్కే. పై మడులయి లోపల తెల్లగ మంచిగనే ఉన్నయి కానీ ఒక్కోదానికి నెర్రె, బొటనవేలుతో రుద్దితే తొక్క ఊడొస్తుంది. ఆయన మాత్రం రెండింటికీ ‘దాగు ఉంది’ అని ఒకటే తరుగు కోసిండు! ఈ తరుగు ఏ లెక్కన కోస్తరో అడిగేటోడు లేడు, అడిగితే పక్క దుకాణానికి పొమ్మంటరు, పక్క దుకాణం ఆయన బామ్మర్దిదే.

సరే, నీళ్లు తక్కువై వాడిన గడ్డకు దెబ్బ తగిల్తే తొక్క పగలదు, లోపల కణాలు చితుకుతయి, వాటిల ఉండే టైరోసిన్ అనే పదార్థం గాలి తగిలి ఎంజైమ్‌తోటి నల్లరంగు అయిపోతది. దానికి ఒకటి రెండు రోజులు పడ్తది కాబట్టి లారీ ఎక్కించినప్పుడు ఎవ్వరికీ కనపడదు, మీ వంటింట్ల బయటపడ్తది. నీళ్లు మరీ నిండిన గడ్డనేమో నల్లబడదు, పగుల్తది. పొద్దుగాల చల్లగున్నప్పుడు తవ్వినా గడ్డ పగుల్తది, మా కోహీర్ దిక్కు జనవరిల చలి ఎట్లుంటదో తెలిసినోళ్లకు తెలుసు. ఎండెక్కినంక తవ్వుండ్రి అంటే కూలోళ్లు మధ్యాహ్నానికి ఇంటికి పోవాలంటరు, వాళ్లదీ తప్పు కాదు.

ఇగ ఎరువుల సంగతి. ఈ పంట నత్రజని కన్నా పొటాష్ ఎక్కువ గుంజుతది. పొటాష్ తక్కువైతే గడ్డల నీళ్లు నిలవవు, ఆ నల్లబడే టైరోసిన్ కూడా పెరుగుతది. కానీ మనోళ్లు వేసేది ఏంది? యూరియా. 45 కిలోల బస్తా 266 రూపాయలకు వస్తుంటే, మొత్తం బయటి దేశాల నుంచి వచ్చే పొటాష్‌కు దానికి ఐదారింతలు పెట్టమంటే ఎవరు పెడ్తరు? పైగా ఆఖర్ల యూరియా చల్లితే చెట్టు పచ్చగనే ఉంటది, గడ్డ ముదరదు, తొక్క గట్టిపడదు. తవ్వే ముందు పది పదిహేను రోజులు పైన ఆకు కోసేసి గడ్డను భూమిలనే ఉంచితే తొక్క ముదురుతది, కానీ ధర పడిపోతదన్న భయానికి ఎవ్వరూ ఆగరు. చిప్స్ కోసం పెంచేటోళ్ల బాధ ఇంకోటి, వాళ్లకు పొడి పదార్థం, అంటే నీళ్లు పోంగ మిగిలే సరుకు, ఎక్కువున్న గడ్డ కావాలె, నల్లమచ్చ ఎక్కువ వచ్చేది గూడ దానికే. అందుకే వాళ్లు మామూలు ఎర్ర పొటాష్ కాకుండ సల్ఫేట్ పొటాష్ వేస్తరు, ఎర్ర దాంట్ల క్లోరైడ్ ఉండి పొడి పదార్థం తగ్గిస్తది కాబట్టి.

నాకు అన్నిటికన్నా మంట పుట్టేది కాల్షియం సీసాలు. ఆకు మీద కొడితే గడ్డ గట్టిపడ్తదని మందుల దుకాణమోళ్లు అంటగడ్తరు. కాల్షియం నీళ్ల వెంబడి పైకి ఎక్కుతది, ఆకుల నుంచి కిందికి దిగదు, మరి మట్టిల ఉన్న గడ్డకు ఎట్ల చేరాలె? అమెరికాల విస్కాన్సిన్ యూనివర్సిటీల జీవన్ పల్టా గారు ఎప్పుడో చూపించిండు, గడ్డ మీద, గడ్డ పట్టే పిలకల మీద ఉండే సన్న వేర్లే గడ్డకు కాల్షియం తెస్తయని. అంటే బోదెల, గడ్డ పక్కన ఉండాలె. కాల్షియం ఉండే జిప్సం వేసి నీళ్లు పెట్టుండ్రి, సీసా పైసలు మిగుల్తయి.

ఇంట్ల తినొచ్చా అంటే తినొచ్చు, నల్ల ముక్క కోసి పడేసి మిగతాది వండుకోండి. ఎండ తగిలి పచ్చబడ్డ గడ్డ మాత్రం వేరే, దానిల విషం ఉంటది, అది వండకుండ్రి.