సొరతీగ ఏపుగా పెరిగింది కానీ కాయ నిలవడం లేదు, ఏ ఎరువు వేయాలి?

ఏ ఎరువూ వేయకండి. ఇప్పుడు వేస్తున్నది కూడా ఆపండి. తీగ పందిరంతా అల్లుకుందని, ఆకులు చేటంత ఉన్నాయని, పిందెలు మాత్రం వేలెడంత అయ్యి రాలిపోతున్నాయని మీరే రాశారు. అంత ఏపుగా ఉన్న తీగకు ఇంకా ఆకలి ఉంటుందా? మూడేళ్ల క్రితం నేనూ అచ్చం మీలాగే అనుకుని వారాల తరబడి పిందెలు పోగొట్టుకున్నాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అప్పుడు మా పెరటి గోడ వారగా రెండు సొర పాదులు పెట్టాను. ఆనప అన్నా ఇదే. నెలన్నర తిరిగేసరికి పందిరి కర్రలు కనబడనంతగా తీగ కమ్మేసింది. పువ్వులు వచ్చాయి, పిందెలూ వచ్చాయి. ప్రతి పిందె మూడు నాలుగు రోజుల్లో పసుపు రంగుకు తిరిగి, వడలి, ముట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చేది. అడిగిన ప్రతి ఒక్కరూ ఒక్కో ఎరువు పేరు చెప్పారు. ఒకరు పేడనీళ్లు పోయమన్నారు, ఒకరు గుప్పెడు యూరియా చల్లమన్నారు, ఇంకొకరు గుడ్డు పెంకుల పొడి అన్నారు. అన్నీ వేశాను. పురుగు పట్టిందేమోనని వారానికి రెండుసార్లు వేపనూనె కూడా పిచికారీ చేశాను. ఎండలో కొడితే ఆకు మాడుతుంది, తేనెటీగలకు చేటు, సాయంత్రం కొట్టాలి అని ఎక్కడో విన్నాను కాబట్టి సరిగ్గా పొద్దు గుంకే వేళ కొట్టేవాణ్ణి.

ఒకరోజు మబ్బు పట్టింది. వాన వస్తుందని మందు కొట్టడం మానుకున్నాను. చీకటి పడుతుండగా ఆరేసిన బట్టలు తీయడానికి పెరట్లోకి వెళితే పందిరి మీద తెల్లతెల్లగా ఏవో మెరుస్తున్నాయి. దగ్గరికి వెళ్లి చూస్తే పువ్వులు. పగటిపూట నేను చూస్తూ వచ్చినవి ముడుచుకుపోయి, నలిగిపోయిన రేకులు. సొరపువ్వు అంటే అదే అనుకున్నాను. విచ్చుకున్న పువ్వును చూడటం అదే మొదటిసారి. ఐదు రేకులు, సన్నటి నరాలు కనబడేంత పలచన. నేను అక్కడ నిలబడి ఉండగానే బొటనవేలంత రెక్కల పురుగు ఒకటి ఎగురుతూ వచ్చి, పువ్వు ముందు గాలిలోనే ఆగి, దారం లాంటి తొండాన్ని లోపలికి చాచింది. రెండు క్షణాల్లో పక్క పువ్వుకు వెళ్లిపోయింది.

బట్టలు భుజాన వేసుకుని అలాగే నిలబడిపోయాను. సొరపువ్వు సాయంత్రం విచ్చుతుంది, మర్నాడు పొద్దెక్కేసరికి వాడిపోతుంది. కాయ కట్టాలంటే ఆ కొద్ది గంటల్లోనే మగపువ్వు పుప్పొడి ఆడపువ్వును చేరాలి. నేను ఇన్ని వారాలుగా పువ్వు విచ్చే గంటలోనే నూనె నీళ్లు కొట్టి, పుప్పొడిని తడిపేసి, వచ్చే పురుగులను ఆ వాసనతో దూరంగా తరిమాను. వంగకో మిరపకో సాయంత్రం కొట్టడం మంచిదే. సొరకు మాత్రం అది సరిగ్గా కాని వేళ. ఈ తేడా నాకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం మా అమ్మాయి టార్చి పట్టుకుంది. మగపువ్వు పొడవాటి సన్న కాడ మీద నిటారుగా నిలబడుతుంది, దాని వెనక ఏమీ ఉండదు. ఆడపువ్వు కాడ పొట్టిది, రేకుల కింద నూగుతో కూడిన బుల్లి సొరకాయ అప్పటికే ఉంటుంది. మగపువ్వును తెంపి, రేకులు వలిచేసి, మధ్యలోని పుప్పొడి కాడను ఆడపువ్వు నడుమ ఉన్న గుబ్బ మీద మెల్లగా చుట్టూ రాశాను. ఒక వైపు మాత్రమే అంటితే కాయ వంకరగా వస్తుంది కాబట్టి అన్ని వైపులా తగలాలి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకు సరిపోతుంది. రాసిన ప్రతి పువ్వు కాడకూ మా అమ్మాయి ఎర్ర దారం కట్టింది. మొత్తం ఏడు దారాలు. దారం లేని పిందెలను అలాగే వదిలేశాం.

మూడో రోజుకు దారం కట్టిన వాటిలో ఐదు పిందెల కాడలు లావెక్కి, కాయ కిందికి వంగింది. దారం లేనివి ఒక్కటి తప్ప అన్నీ పసుపు తిరిగాయి. ఏడు పువ్వులతో ఏం తేలుతుందని మా తమ్ముడు వాదించాడు. నాకు తేలిపోయింది. ఆ రెండు పాదుల్లో ఎరువు గింజంత కూడా మారలేదు, నీళ్లు మారలేదు, ఎండ మారలేదు. మారింది పుప్పొడి ఒక్కటే.

అందుకే ఎవరైనా కాయలు లేవనగానే ఎరువు పేరు చెప్పేవాళ్లంటే నాకు కోపం. నత్రజని ఎక్కువైతే తీగ ఆకులు పెంచుకోవడంలో పడిపోతుంది, మగపువ్వులు విపరీతంగా వస్తాయి, ఆడపువ్వులు తగ్గుతాయి. గుడ్డు పెంకుల సంగతీ అంతే. టమాటా కాయ అడుగు నల్లబడి కుళ్లితే కాల్షియం లోపమని పెంకులు పోస్తారు. చాలా పెరళ్లలో మట్టిలో కాల్షియం ఉంటుంది, కాయ దాకా చేరదు, అంతే. అది నీటితోనే ప్రయాణిస్తుంది. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు ముంచెత్తితే కాయ కొనకు అందదు. రోజూ సమంగా నీళ్లు పెట్టి, మొదలు చుట్టూ ఎండుటాకులు కప్పి తేమ నిలిపితే కొత్తగా వచ్చే కాయలు బాగుంటాయి. పెంకులు కరగడానికి నెలలు పడుతుంది, ఈలోగా పంట కాలమే అయిపోతుంది.

ప్రతి తీగకూ ఒక వేళ ఉంది. బీరపువ్వు కూడా సాయంత్రమే విచ్చుతుంది. గుమ్మడి, దోస, కాకర తెల్లవారగానే విచ్చుతాయి, వాటి మీద తేనెటీగలు తిరిగేది అప్పుడే. పెరట్లో ఏడాది పొడవునా ఏదో ఒక బంతో తులసో పూస్తూ ఉంటే అవి దారి మరిచిపోవు. టమాటా, వంగ, మిరప పువ్వుల్లో మగ, ఆడ భాగాలు రెండూ ఒకే పువ్వులో ఉంటాయి, కాబట్టి వాటికి ఈ శ్రమ అక్కర్లేదు. పొద్దున కొమ్మను కాస్త ఊపితే చాలు. నడి వేసవి సెగకు టమాటా పూత రాలిపోతుంది, అప్పుడు మీరు ఎంత తపించినా లాభం లేదు, చల్లబడేదాకా ఆగాలి.

కాయలు నిలిచాక అందరూ ఇంకో పొరపాటు చేస్తారు. ఫోటో కోసమో, పొరుగువాళ్లకు చూపించడానికో కాయను తీగ మీదే ముదరనిస్తారు. గింజ ముదిరిందంటే తీగ తన పని అయిపోయిందనుకుంటుంది, కొత్త పిందెలు తగ్గిపోతాయి. సొరకాయ మీద నూగు ఇంకా ఉండగానే, గోరు గుచ్చితే సులువుగా దిగేటప్పుడే కోయాలి. పువ్వు నిలిచిన రోజు నుంచి దాదాపు రెండు వారాలు. బెండకాయ అయితే రెండు రోజులకోసారి కోయాల్సిందే, నాలుగో రోజుకు పీచు పడుతుంది. ఎక్కువ కోసేవాళ్లకే ఎక్కువ కాస్తుందని నా నమ్మకం, ఈ మూడేళ్లలో అది ఒక్కసారి కూడా తప్పలేదు.

మీరు ఈ రోజు సాయంత్రం చీకటి పడే వేళ టార్చి తీసుకుని పందిరి కిందికి వెళ్లండి. ముందుగా రాలిపోతున్న పిందెను చూడండి. తొక్క మీద సూది గుచ్చినట్టు చుక్క, దాని నుంచి జిగురు కారుతూ ఉంటే అది పండు ఈగ పని, పువ్వు నిలిచిన వెంటనే పిందెకు కాగితపు సంచి తొడగాలి. చుక్క లేకుండా వట్టిగా పసుపు తిరిగితే పుప్పొడి అందలేదన్నమాట, అదే రాత్రి విచ్చిన ఆడపువ్వులకు చేత్తో పుప్పొడి రాయండి. టార్చి వెలుగులో ఎంత వెతికినా మగపువ్వులే కనబడితే ప్రధాన తీగ కొనను తుంచండి. పక్క కొమ్మలు వస్తాయి, ఆడపువ్వులు ఎక్కువగా వచ్చేది వాటి మీదే. అవి వచ్చి పూతకు రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆ రోజుల్లో నీళ్లు తప్ప ఇంకేమీ పోయకండి.