స్కానింగ్ కాగితంలోని తెల్లని చుక్కల గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, పాలకొల్లు నుండి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

రాజోలులో తీయించుకున్న స్కానింగు కాగితంలో ప్రోస్టేట్ కాల్సిఫికేషన్ అన్న మాట చదివినప్పటి నుండి నీకు అన్నం సయించడం లేదని అక్కయ్య ఫోనులో చెప్పింది. నాకూ పదేళ్ళ క్రితం అదే మాట రాసి ఇచ్చారు కాబట్టి, నేను చేసిన పొరపాటు నువ్వు చేయకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ప్రోస్టేట్ మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని ఉండే గ్రంథి. వయసులో ఉన్నప్పుడు సుమారు 20 గ్రాములు ఉంటుంది. అందులో ఊరే ద్రవం సన్నని గొట్టాలలో నిలిచిపోయి, దానిపై కాల్షియం లవణాలు పేరుకుంటే స్కానింగులో తెల్లని చుక్కలుగా కనిపిస్తాయి. 50 దాటిన మగవారిలో ఇది సర్వసాధారణం. ఇది క్యాన్సర్ కాదు, బాధ ఏమీ లేకపోతే వైద్యమూ అక్కరలేదు.

కిడ్నీలో రాయి మూత్రంలో పుడుతుంది, ఇది గ్రంథి లోపల పుడుతుంది. ఈ తేడా తెలియక, నాదీ కిడ్నీ రాయేననుకుని నేను ఎనిమిది నెలలు కొండపిండి ఆకు కషాయం, అరటి దూట రసం తాగాను, టమాటా మానేశాను. రాత్రికి నాలుగుసార్లు లేవడం, ధార సన్నబడడం ఆ చుక్కల వల్లేనని అనుకున్నాను కానీ, అసలు కారణం గ్రంథి పెరగడమని తెలుసుకోలేదు. చివరికి ఒక రాత్రి ముక్కు దిబ్బడకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర వేసుకున్నాక మూత్రం పూర్తిగా బిగిసిపోయింది. అలాంటి మాత్రలు మూత్రాశయం మెడ దగ్గరి కండరాన్ని బిగిస్తాయట. భీమవరం చేరి గొట్టం వేయించుకునే దాకా నేను పడిన యాతన పగవాడికి కూడా వద్దు.

అందుచేత ఆ ఒక్క మాటనే పట్టుకోకుండా, అదే కాగితంలో గ్రంథి పరిమాణం ఎంత, మూత్రం పోసిన తరువాత లోపల ఎంత మిగిలిందో రాశారేమో చూడు. మంట, వృషణాల వెనుక నొప్పి, మళ్ళీమళ్ళీ ఇన్ఫెక్షన్ ఉంటే మాత్రం చుక్కలకు కూడా ప్రాముఖ్యం ఉంటుంది, ఎందుకంటే మందు సరిగా అందని ఆ సందుల్లో సూక్ష్మజీవులు దాగి ఉండగలవు. అప్పుడు యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే మూత్రం కల్చర్ పరీక్షకు, అంటే అందులో ఏ సూక్ష్మజీవి ఉందో పెంచి చూసే పరీక్షకు, ఇవ్వాలి. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు పీఎస్ఏ, అంటే ప్రోస్టేట్ నుండి రక్తంలోకి వచ్చే ఒక ప్రొటీన్, పెరుగుతుంది, కాబట్టి ఆ పరీక్ష ఎప్పుడు చేయించాలో డాక్టరునే అడుగు. చలిజ్వరం వచ్చినా, మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం ఆగిపోయినా తెల్లవారే దాకా ఆగవద్దు.

నువ్వు అడగడానికి మొహమాటపడుతున్నది కూడా చెబుతాను. కేవలం ఈ చుక్కల వల్ల మగతనం పోదు. కలయిక సమయంలో నొప్పి, వీర్యంలో రక్తం ఉంటే అది డాక్టరుకు చెప్పవలసిన సంగతి, సిగ్గుపడి దాచవలసినది కాదు.

సోమవారం పొద్దున్నే ఆ కాగితం తీసుకుని చించినాడ వంతెన దాటి ఇటు వచ్చేయి. యూరాలజిస్టు దగ్గరకు నేనూ వస్తాను.