ఐపీ అడ్రస్‌లు అయిపోయాయా, ఇసుక రేణువుల కన్నా ఎక్కువున్నాయా?

ఐపీ అడ్రస్‌లు (ఇంటర్నెట్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తుపట్టే నంబర్లు) అయిపోయాయని ఒకరంటారు, భూమ్మీద ఇసుక రేణువుల కన్నా ఎక్కువున్నాయని ఇంకొకరంటారు, ఇదేమన్నా జోకా అని అడిగారు కదా. రెండూ నిజమేనండీ. తెనాలిలో మా నాన్నగారింట్లో నాకు రెండూ ఒకే రాత్రి కనబడ్డాయి.

ఇంటికి సీసీ కెమెరాలు పెట్టించాం, నేను బెంగళూరు నుంచి చూసుకోవాలి. పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటినుంచి వచ్చేదాన్ని రౌటర్ కెమెరాలకి పంపేలా పెట్టడం, అంతా సరిగ్గానే చేశాను, ఎంతకీ బొమ్మ రాదు. చివరికి రౌటర్ పేజీ తెరిస్తే వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు రౌటర్‌కిచ్చిన అడ్రస్) దగ్గర 100.72తో మొదలయ్యే నంబరుంది, మన ఐపీ ఏదో చూపించే బయటి వెబ్‌సైట్‌లో చూస్తే వేరే నంబరు. 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవి ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు లోపల్లోపల పంచుకునేవి, వీధి వీధంతా బయటికి ఒకే అడ్రస్‌తో కనిపిస్తుంది. అపార్ట్‌మెంటు మొత్తానికి ఒకటే డోర్ నంబరన్నమాట. మనం ఉత్తరం రాస్తే జవాబు వస్తుంది, ఎవరు రాశారో వాచ్‌మన్ గుర్తుపెట్టుకుంటాడు కాబట్టి. బయటివాళ్లు తమంతట తాము వస్తే మాత్రం ఏ ఫ్లాట్‌కి పంపాలో ఆయనకి తెలీదు.

పాత పద్ధతిలో, అంటే ఐపీవీ4లో, ఉన్నవే 429 కోట్లు. ప్రపంచమంతటికీ అడ్రస్‌లు పంచే సంస్థ ఐయానా దగ్గర మిగిలిన చివరి ఐదు పెద్ద బ్లాకులు (వరుస అడ్రస్‌ల కట్టలు) 2011 ఫిబ్రవరి 3న పంచేశారు. నాకు బాగా నవ్వొచ్చేది ఏంటంటే, 127తో మొదలయ్యే 1.67 కోట్ల అడ్రస్‌లు కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకోడానికే వదిలేశారు, అందులో జనం వాడేది దాదాపు 127.0.0.1 ఒక్కటే. నెట్‌వర్క్ వాళ్ల టీషర్టుల మీద '127.0.0.1 లాంటి చోటు ఇంకెక్కడా లేదు' అని ఉంటుందే, అది ఇదే, 'ఇల్లు లాంటి చోటు ఇంకెక్కడా లేదు' అన్న ఇంగ్లీషు మాటలో ఇల్లు బదులు ఇది పెట్టారు. మా నాన్నగారింటికి మాత్రం ఒక్కటీ లేదు!

అప్పుడు చూస్తే రౌటర్‌లో ఐపీవీ6, అంటే ఇసుక రేణువుల కన్నా ఎక్కువ అడ్రస్‌లున్న కొత్త పద్ధతి, ఆఫ్‌లో ఉంది. ఆన్ చేసి రీస్టార్ట్ చేస్తే స్లాష్ 64 బ్లాకు వచ్చింది, అంటే 429 కోట్లని మళ్లీ 429 కోట్లతో గుణిస్తే ఎన్నో అన్ని, నాలుగు కెమెరాలూ రెండు ఫోన్లూ ఉన్న ఇంటికి. నాన్నగారికి చెబితే, "అన్నెందుకురా, ఒకటుంచుకుని మిగతావి వాపసు ఇచ్చెయ్" అన్నారు.

మీరూ చేసేటట్టయితే ముందు డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె) పాస్‌వర్డ్ మార్చండి, రౌటర్‌లో బయటివాళ్లని ఆపే ఫైర్‌వాల్‌లో దానికొక్కదానికే దారివ్వండి. చూసే ఫోన్‌కి కూడా ఐపీవీ6 ఉండాలి, లేకపోతే బొమ్మ రాదు.