టెక్ సందేహాలు: కొండ మీద క్యాంపర్, కిందే ఆగిపోయిన నెట్

చలి మొదలైందంటే ఈ శీర్షికకు ఒకే రకం ఉత్తరాలు వస్తాయి. ఊరికి దూరంగా కొండ వాలులో ఎకరమో రెండెకరాలో కొన్నారు. ఆటోనగర్‌లో పాత వ్యానుకు కొత్త బాడీ కట్టించి మంచం, బల్ల, సింకు పెట్టించారు. శుక్రవారం సాయంత్రం బయల్దేరి, శని ఆదివారాలు అక్కడే కూర్చుని ఆఫీసు పని తెమల్చుకోవాలని ప్లాను. స్థలంలో కరెంటు లేదు, బోరు లేదు, దారి కూడా అంతంతమాత్రం. బండికి ఏ రంగు వెయ్యాలో ఇంటిల్లిపాదీ చర్చించుకున్నవాళ్లు, ల్యాప్‌టాప్‌కి చార్జింగ్ ఎక్కణ్నుంచి వస్తుందో మాత్రం కొండెక్కాక ఆలోచిస్తున్నారు.

గుంటూరు బ్రాడీపేట నుంచి: "ఫోన్లో నాలుగు గీతల సిగ్నల్ ఉంటోంది. అయినా వీడియో మీటింగ్ నిమిషానికోసారి ఆగిపోతోంది. ఆన్‌లైన్లో సిగ్నల్ బూస్టర్ చూశాను, కొనమంటారా?"

వద్దు. టెలికం కంపెనీలు తప్ప మనలాంటివాళ్లు సొంతంగా బూస్టర్ పెట్టుకోవడం మన దేశంలో చట్టవిరుద్ధం. ఆన్‌లైన్లో అమ్ముతున్నారు కదా అంటే, అవును, అమ్ముతున్నారు. అది మీ సిగ్నల్‌తో పాటు చెత్త సిగ్నల్‌ని కూడా పెంచి టవర్ మీదికి వదులుతుంది. ఆ టవర్ మీద ఆధారపడ్డ ఊరివాళ్ల ఫోన్లన్నీ ఇబ్బంది పడతాయి.

గీతల్ని పట్టించుకోకండి. ఏ సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపించాలన్నది ఫోన్ తయారుచేసినవాళ్ల ఇష్టం. సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ దగ్గర సిగ్నల్ బలం చెప్పే డీబీఎం అని ఒక అంకె ఉంటుంది, అది చూడండి. మైనస్ 90 దగ్గర ఉంటే పని నడుస్తుంది. మైనస్ 110 దాటి కిందికి పోయిందంటే మెసేజ్ వెళ్లడమే గొప్ప. ఎత్తు మీద ఇంకో చిక్కుంది. కింద ఉన్న నాలుగైదు టవర్లూ ఒకేసారి అందుతాయి, ఒకదాని సిగ్నల్‌కి మరొకటి అడ్డం తగులుతుంది. గీతలు నిండుగా ఉండి స్పీడు లేకపోవడానికి తరచూ ఇదే కారణం. 5జీ వచ్చీ పోతూ ఉంటే ఫోన్‌ను 4జీలోనే ఉంచండి. బండి బాడీ రేకుదైతే లోపలికి వచ్చే సిగ్నల్‌ను చాలావరకు ఆ రేకే ఆపేస్తుంది. బయట యాంటెనా బిగించుకోగలిగే సిమ్ రౌటర్ తీసుకోండి, దానికి ఏ అభ్యంతరమూ లేదు. యాంటెనా కేబుల్ మాత్రం పొట్టిగా ఉండాలి. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు పెట్టుకోండి. మీటింగ్‌లో మీ ముఖం కనపడకపోయినా ఆఫీసు మూతపడదు, వీడియో ఆపేయండి.

మంగళగిరి నుంచి: "లిథియం బ్యాటరీ, ఇన్వర్టర్ కొత్తవి కొన్నాం. రెండింటికీ యాప్ ఉంది. కొండ మీద తెరిస్తే లాగిన్ అడుగుతోంది. నెట్ లేక చార్జింగ్ ఎంత మిగిలిందో తెలియడం లేదు."

ఈ ఫిర్యాదు చదివిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. బ్యాటరీ మీ కాళ్ల దగ్గరే ఉంది. ఫోన్ మీ చేతిలో ఉంది. మధ్య దూరం మూడడుగులు. కానీ ఆ అంకె ఏ దేశంలోనో ఉన్న సర్వర్‌కి వెళ్లి, మీ లాగిన్ సరిచూసుకుని, మళ్లీ కొండెక్కి రావాలట. కరెంటు లేని చోటు కోసం తయారుచేసిన వస్తువు ఇది. అక్కడ నెట్ మాత్రం ఉంటుందని ఎలా అనుకున్నారో! డబ్బా మీద చిన్న డిస్‌ప్లే పెట్టడానికి చేతులు రాలేదు గానీ, యాప్‌లో పండగ ఆఫర్లు చూపించడం మాత్రం మర్చిపోలేదు.

షంట్‌తో (బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటును కొలిచే ముక్క) వచ్చే బ్యాటరీ మానిటర్ విడిగా దొరుకుతుంది, బిగించుకోండి. ఉత్త వోల్టేజీ మీటరు చాలదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80 శాతం చార్జింగ్ దగ్గరా 40 శాతం దగ్గరా వోల్టేజీ దాదాపు ఒకేలా ఉంటుంది. బాగానే ఉందనుకుంటూ ఉండగానే ఠపీమని ఆగిపోతుంది. ఇంకో మాట. విదేశీ వీడియోలు చూసి గడ్డకట్టే చలికి బ్యాటరీ చెడిపోతుందేమోనని కొందరు రాస్తున్నారు. మన దగ్గర భయం ఎండ గురించి ఉండాలి. ఈ రకం బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు. మేలో మూసి ఉంచిన వ్యాను లోపల అంత వేడి పొద్దున్నే వచ్చేస్తుంది.

కొన్ని బ్యాటరీలు నేరుగా బ్లూటూత్‌తో మాట్లాడతాయి, నెట్ అక్కర్లేదు. ఇది సరైన పద్ధతి. అయితే వాటిలో చాలావాటికి పాస్‌వర్డ్ ఉండదు, ఉంటే 123456. పక్కన బండి ఆపుకున్నవాడు కూడా అదే యాప్‌తో మీ బ్యాటరీని ఆపేయగలడు. కొన్న రోజే ఆ పాస్‌వర్డ్ మార్చండి.

బయల్దేరే ముందు ఇంట్లోనే ఒక సాయంత్రం వైఫై ఆపేసి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ మాత్రం ఆన్ చేసి అన్నీ వాడి చూడండి. ల్యాప్‌టాప్ కూడా. ఏది మొరాయిస్తే దాన్ని కొండకు తీసుకెళ్లకండి. ల్యాప్‌టాప్ విషయంలో శుక్రవారం రాత్రి వచ్చే అప్‌డేట్లంటే నాకు పరమ చిరాకు. ఫర్మ్‌వేర్ (ల్యాప్‌టాప్‌ను లేపే లోపలి సాఫ్ట్‌వేర్) మారి రీస్టార్ట్ అయ్యాక కొన్ని ల్యాప్‌టాప్‌లు 48 అంకెల రికవరీ కీ అడుగుతాయి. ఆ కీ ఆన్‌లైన్ అకౌంటులో ఉంటుంది. అకౌంటు తెరవడానికి ఓటీపీ కావాలి. ఓటీపీ రావడానికి టవర్ కావాలి. కీని కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి, ల్యాప్‌టాప్ బ్యాగులో వద్దు. ల్యాప్‌టాప్ సెట్టింగ్స్‌లో ఫోన్ హాట్‌స్పాట్‌ను మీటర్డ్ కనెక్షన్‌గా (డేటా పొదుపుగా వాడాల్సిన నెట్ అని) మార్చుకుంటే పెద్ద అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. ఆఫీసు వీపీఎన్‌కి ఎస్సెమ్మెస్ ఓటీపీ బదులు ఆథెంటికేటర్ యాప్ పెట్టించుకోండి. ఆ కోడ్‌ను ఫోనే టైమును బట్టి 30 సెకన్లకోసారి లెక్కగడుతుంది, దానికి సిగ్నల్‌తో పని లేదు. ఫోన్‌లో టైము సరిగ్గా ఉంటే చాలు.

విజయవాడ పటమట నుంచి: "బండిని స్థలంలోనే వదిలి వస్తున్నాం. స్తంభానికి సోలార్ సిమ్ కెమెరా పెట్టించాం. ఇంట్లో వాడకుండా పడున్న పాత సిమ్ అందులో వేశాం. ఈమధ్య కెమెరాను మరొకరు చూస్తున్నట్టు యాప్‌లో వస్తోంది. భయపడాలా?"

భయపడాలి, రెండు కారణాలకు. ఆ మరొకరు ఎవరో ఊహించడం కష్టం కాదు. బిగించడానికి వచ్చిన షాపు కుర్రాడు క్యూఆర్ కోడ్‌ను తన ఫోన్‌లో స్కాన్ చేసి, తన నంబరుతో అకౌంటు తెరిచి, తర్వాత మీకు షేర్ చేసి ఉంటాడు. పని తొందరగా అవుతుందని చాలామంది ఇలాగే చేస్తున్నారు. యాప్ లెక్కలో అతనే ఓనరు, మీరు చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు. అతను మంచివాడే కావచ్చు. రేపు ఆ ఫోన్ అమ్మేస్తే? సిమ్ కెమెరాల వీడియో మామూలుగా కంపెనీ సర్వర్ మీదుగానే వస్తుంది. కాబట్టి అకౌంటు ఎవరిదైతే కెమెరా వాళ్లది. మీ బండి దగ్గర ఎవరూ లేని రోజులన్నీ ఆ అకౌంటుకు తెలుసు. రీసెట్ బటన్ నొక్కినంత మాత్రాన పాత అకౌంటు పోదు. ముందు అతని యాప్‌లోంచి కెమెరాను తీసేయించండి, ఆ తర్వాతే రీసెట్ చేసి మీ నంబరుతో కలుపుకోండి. క్యూఆర్ స్టిక్కరు ఫొటో తీసి ఎవరికీ పంపకండి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రికార్డర్లను చేజిక్కించుకుని 2016 అక్టోబరులో మిరాయ్ అనే మాల్వేర్ అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను గంటలపాటు స్తంభింపజేసింది. మన ప్రభుత్వం కూడా 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. అయినా షాపు కుర్రాడి అకౌంటును ఏ పరీక్షా పట్టుకోలేదు.

రెండో కారణం మీరు అడగనిది. "వాడకుండా పడున్న పాత సిమ్" అన్న మాట దగ్గర నాకు టెన్షన్ మొదలైంది. ఆ నంబరు మీరు వాడటం లేదు, సరే. మీ బ్యాంకు వాడుతూ ఉండొచ్చు. ఆధార్‌కి ఇచ్చిన నంబరు అదేనేమో. ఈమెయిల్ పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ వచ్చేది దానికేనేమో. అలాంటి సిమ్‌ను కంచె లేని కొండ మీద, వారంలో ఐదు రోజులు మనిషి తిరగని చోట, స్తంభానికి వేలాడదీసి వచ్చారు. రెండు స్క్రూలు విప్పితే చేతికొస్తుంది. ఇంకో ఫోన్‌లో వేస్తే మీ ఓటీపీలన్నీ అక్కడికే పోతాయి. కెమెరా పోయిందని మీరు మర్నాడు కొత్తది కొంటారు. లోపల సిమ్ ఉందన్న సంగతి బ్యాంకు మెసేజ్ వచ్చాక గుర్తొస్తుంది, అది కూడా వేరే నంబరుకు వస్తేనే!

వెంటనే ఆ సిమ్ తీసేయండి. వెళ్లే వీలు లేకపోతే కస్టమర్ కేర్‌కి చెప్పి బ్లాక్ చేయించండి. సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూసుకోండి, ఇలాంటి పాతవి ఇంకా బయటపడొచ్చు. కెమెరాకు మీ పేరు మీదే కొత్త సిమ్ తీసుకుని, ఆ నంబరును ఎక్కడా ఇవ్వకండి. సిమ్‌కి పిన్ లాక్ పెడితే మంచిది. కానీ పిన్ ఉన్న సిమ్‌ను ఒప్పుకోని కెమెరాలు చాలా ఉన్నాయి, వాటిని తయారుచేసినవాళ్లకు దొంగలనేవాళ్లు గుర్తురాలేదు కాబోలు. అన్నిటికన్నా నయం ఏమిటంటే, సిమ్‌ను తాళం వేసిన బండి లోపల రౌటర్‌లో ఉంచి, బయట ఉత్త వైఫై కెమెరా పెట్టడం. రౌటర్ 5 వాట్లు తీసుకుంటుందనుకుంటే రోజుకు 120 వాట్-అవర్లు. బండి పైన సోలార్ ప్యానెల్ ఉంటే ఆ మాత్రం ఇస్తుంది.

గవర్నర్‌పేట నుంచి: "100 ఏహెచ్ లిథియం బ్యాటరీ మీద ఇండక్షన్ స్టవ్ నడుస్తుందా? లేదంటే చిన్న జనరేటర్ బండి వెనక అరలో పెట్టుకుంటాం."

12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు) అంటే మొత్తం 1200 వాట్-అవర్లు. 2000 వాట్ల స్టవ్ అరగంటలో 1000 తినేస్తుంది. ల్యాప్‌టాప్ అయితే అదే 1000తో రెండు రోజులు పని చేసుకోవచ్చు. పైగా ఆ స్టవ్‌కి బ్యాటరీ నుంచి 165 ఆంపియర్ల పైన లాగాలి. ఇంట్లో ప్లగ్ పాయింట్లకు వాడే వైరు వేసి ఉంటే అది కాలిపోతుంది. వంటకు గ్యాస్ పెట్టుకోండి, బండి బయట. జనరేటర్ మాత్రం అరలో వద్దే వద్దు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆగిన కారవాన్‌లో ఇద్దరు నిద్రలోనే చనిపోయారు. జనరేటర్ నుంచి లోపలికి వచ్చిన కార్బన్ మోనాక్సైడే కారణం. దానికి వాసన ఉండదు. జనరేటర్ తప్పదనుకుంటే బండికి దూరంగా, గాలివాటం చూసి పెట్టండి. లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి.

సత్యనారాయణపురం నుంచి: "లంబసింగి దగ్గర స్థలం చూశాం. అక్కడ సిగ్నల్ అందదు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి శాటిలైట్ మెసెంజర్ పంపిస్తానంటున్నాడు."

పంపొద్దని చెప్పండి. కేంద్రం అనుమతి లేకుండా అలాంటివి దగ్గర ఉంచుకుంటేనే కేసు అవుతుంది. తెలియక తెచ్చుకున్న విదేశీ పర్యాటకులు విమానాశ్రయాల్లో పట్టుబడ్డారు. మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే 112కి కాల్ వెళ్తుంది. ఏ మలుపు దగ్గర ఏ సిమ్ పలుకుతుందో ముందే చూసుకుని ఇంట్లోవాళ్లకు చెప్పండి. ఇక స్థలం సంగతి. లంబసింగి ఉన్న చింతపల్లి మండలం షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుల పేరు మీదికి అక్కడ భూమి మారడం చెల్లదు. అడ్వాన్సు ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇచ్చి ఉంటే రౌటర్ కొనే ముందు లాయర్ని కలవండి.