రాట్‌వైలర్ కంటే ముందు గేటు సంగతి చూడు

అల్లుడా,

బత్తాయి తోట కాడ మోటరు స్టార్టర్ ఎత్తుకపోయిండ్రని, కాపలాకు రాట్‌వైలర్ కుక్కను తెస్తానంటున్నవని అక్క చెప్పింది. తెచ్చుకో, నేను వద్దనను. కానీ కొన్ని సంగతులు తెలుసుకొని తే.

ఆ జాతిని ప్రభుత్వం బంద్ పెట్టిందని నీకెవరో చెప్పిండ్రట. 2024 మార్చి 12న కేంద్రం రాష్ట్రాలకు ఉత్తరం రాసిన మాట నిజమే. పిట్‌బుల్, రాట్‌వైలర్, కేన్ కోర్సో లాంటి జాతుల అమ్మకం, పెంపకం ఆపమన్నది. ఆ ఏప్రిల్‌లనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. అట్లని ఊరుకోకు, నిబంధనలు మారుతుంటయి. కొనే ముందు మీ మండల పశువైద్యుణ్ణి, పంచాయతీ కార్యదర్శిని అడుగు.

అసలు భయపడాల్సింది నేరాలకు శిక్షలు చెప్పే చట్టం, భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్‌కు. దాంట్ల జాతి పేరే లేదు. నీ దగ్గరున్న జంతువుతోని మనుషులకు ప్రమాదం రాకుండ తగిన జాగ్రత్త తీసుకోకపోతే 6 నెలల దాక జైలు, లేకుంటే 5,000 దాక జుర్మానా, రెండూ పడొచ్చు. పానం పోతే 106వ సెక్షన్ కింద 5 ఏండ్ల దాక పోతది. ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అని బోర్డు పెట్టినంత మాత్రాన తప్పించుకోలేవు. ఏం జాగ్రత్త తీసుకున్నవని అడుగుతరు.

అందుకే ముందు గేటు. ఒక్క గేటు చాలదు, రెండుండాలె. బయటిది మూసినంకనే లోపలిది తెరవాలె. జాలి 6 అడుగుల ఎత్తు ఉండాలె, అడుగు లోతు భూమిలకు దించి కాంక్రీటు పొయ్యాలె. చెల్క నేల వాన పడంగనే మెత్తబడతది, కుక్క ఒక్క రాత్రిల తోడి బయటపడతది. గొళ్ళెం బయటి దిక్కు పెట్టి తాళం వెయ్యి. ఉత్త గొళ్ళెమైతే మూతితోని లేపుడు నేర్చుకుంటది. కాయ తెంపే కూలోళ్ళు వచ్చే రోజు పొద్దుగాల్నే దాన్ని గదిల పెట్టి, తాళంచెవి ఒక్కరి దగ్గరనే ఉంచు. ఇద్దరి దగ్గరుంటే వాడు మూసిండనుకొని వీడు, వీడు మూసిండనుకొని వాడు ఊకుంటరు.

పొద్దంత గొలుసుకు కట్టెయ్యకు. పొట్టి గొలుసుతోని గంటల తరబడి కట్టేసుడు, తిప్పకపోవుడు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. పైగా కట్టేసిన కుక్కకే కోపమెక్కువ. రోజూ రెండు పూటల తిప్పు. ఊర్లెకు తీస్కపోతే మెడ పట్టెడకు 4 అడుగుల తాడు, మూతికి బుట్ట తప్పనిసరి. బుట్టల నోరు తెరిచి రొప్పేంత జాగా ఉండాలె, మూతిని బిగగట్టే గుడ్డపట్టీ మన ఎండల పనికిరాదు.

8 వారాలు నిండని పిల్లను కొనకు, అమ్ముడే నిబంధనలకు విరుద్ధం. పెంపకందారుకు రిజిస్ట్రేషన్ ఉన్నదా చూసి రసీదు తీసుకో. రేబిస్ టీకా 3 నెలలకు, తర్వాత డాక్టరు చెప్పినట్టు ఏటేటా. ఆ కార్డు ఇంట్ల భద్రంగ పెట్టు, కేసు పడితే మొదలు అడిగేది అదే.

ఒకవేళ ఎవరినన్న కరిస్తే పసుపు, సున్నం, కారం పెట్టనియ్యకు. సబ్బుతోని పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి నువ్వే దవాఖానకు తోల్కపో. చర్మంల ఇచ్చే రేబిస్ సూదులు 0, 3, 7, 28 రోజులకు. రక్తమొచ్చిన గాయమైతే చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే రేబిస్‌ను అడ్డుకునే మందు కూడ వెయ్యాలె. కుక్కను చంపకు, రేబిస్ ఉన్నదా అని 10 రోజులు కట్టేసి చూడాలె. చేతుల పైసలు పెట్టి మాట ముగించి సూదులు ఎగ్గొట్టించినవనుకో, పానం మీదికి వస్తది.

నన్నడిగితే ఆ తోటకు రెండు ఊరకుక్కలు చాలు. నీకు కావాల్సింది మొరిగేది, కరిచేది కాదు. అయినా ఇదే కావాలంటే నల్గొండ ఎండల్ల తేకు. రేకుల గదిల ఆ నల్ల కుక్క తట్టుకోదు. వానలు పడ్డంక తే, అప్పటికి గేటు పని గూడ అయితది.

మీ మామ